ఆగస్టు మార్కులు

నవంబర్ 1, శుక్రవారం

గెలిచాం. 62–40.

మూడో క్వార్టర్‌లో ఈలైకి దెబ్బ తగిలింది. లేచాడు. బాగానే ఉన్నాడు.

నవంబర్ 2, శనివారం

పిల్లలు రాకముందే స్కూలుకు వెళ్ళి నిన్నటి ఫుట్‌బాల్ ఆట వీడియో ఒక్కడినే కూర్చుని చూశాను. మామూలుగా హెక్టర్‌ని కూడా లేపుతాను. సహాయ కోచ్ అన్నాక ఆ మాత్రం నిద్ర చెడాలి కదా. ఈ రోజు లేపలేదు.

ఈలై బంతి విసిరాక ఒక్క క్షణం అలాగే నిలబడ్డాడు. వాడికి తన విసురు తాను చూసుకోవడం సరదా. “వెళ్ళిపోయిన బంతికి టాటా చెప్పనక్కర్లేదురా” అని రెండేళ్ళుగా చెబుతూనే ఉన్నాను. అవతలి జట్టులోని బండోడు ఒకడు పక్కనుంచి వచ్చి గుద్దాడు. తల వెనక్కి వాలి నేలకు కొట్టుకుంది. మా మైదానం సంగతి చెప్పేదేముంది, సెప్టెంబర్ నుంచి చుక్క వాన లేదు. పశ్చిమ టెక్సస్‌లో నవంబర్ నేల సిమెంటుకు తక్కువేమీ కాదు.

కాసేపు పడుకుని లేచాడు. హెల్మెట్ సర్దుకుని నడిచాడు. అవతలి జట్టు గుమిగూడిన వైపు నడిచాడు. నాలుగైదు అడుగులు వేశాక ఆగి, నవ్వి, మన వైపు తిరిగాడు.

నిన్న మైదానంలోనూ అది చూశాను. వేళాకోళం అనుకున్నాను. వాడు ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం చేస్తూనే ఉంటాడు.

పిల్లలు వచ్చాక వీడియో వేసి, ఆ ముక్క రాగానే ముందుకు జరిపేశాను. హెక్టర్ నా వైపు చూశాడు. ఈలై మాత్రం వీడియో సాంతం టోపీ కళ్ళ మీదికి లాక్కుని కూర్చున్నాడు.

నవంబర్ 3, ఆదివారం

చర్చిలో పాస్టరు గారు పత్తి ధర కోసం ఒకసారి, మా జట్టు కోసం రెండుసార్లు ప్రార్థన చేశారు. ఈలై రాలేదు. వాళ్ళమ్మ డార్లా వచ్చింది. పెట్రోలు బంకు దగ్గర బరీటోలు అమ్మేది తనే, శుక్రవారం బేరం వదిలి ఆటకు రావడం కుదరదు. తనూ ఒకప్పుడు నా క్లాసులో కూర్చుని కునుకు తీసిన పిల్లే.

“వాడేడీ?” అని అడిగాను.

“పడుకున్నాడు కోచ్. ఇల్లంతా లైట్లు ఆర్పేసి గుడ్లగూబలా కూర్చుంటున్నాడు. ఒక రకంగా మంచిదే, కరెంటు ఆదా.”

“ఎదిగే వయసు. నిద్ర ఎక్కువే ఉంటుంది.”

“నేనూ అదే అనుకున్నా. అయినా మీరు చూస్తూనే ఉన్నారుగా వాణ్ణి, నాకేం బెంగ?” అంది.

ఎదిగే వయసే కదా. పదిహేడేళ్ళు.

నవంబర్ 4, సోమవారం

ఈలై చేత తల పరీక్ష చేయించాం. చేయించాల్సిన అవసరం లేదు, ఊరికే, మనశ్శాంతికి.

ఆ పరీక్ష ఆగస్టులో ఆటలు మొదలయ్యే ముందు అందరూ రాస్తారు. కంప్యూటర్ కొన్ని మాటలు చూపిస్తుంది, కాసేపటికి ఏవి చూపించానో చెప్పమంటుంది. అంకెలు చెప్పి వెనకనుంచి తిరిగి చెప్పమంటుంది. తరువాత ఎవడికైనా తలకు దెబ్బ తగిలితే మళ్ళీ రాయిస్తాం. ఆగస్టు మార్కులకంటే తగ్గితే ఆట బంద్, డాక్టరు దగ్గరికి పరుగు. తగ్గకపోతే ఆడవచ్చు.

కుర్రాళ్ళు కుర్రాళ్ళే. ఆగస్టులో ఎంత మొద్దుగా రాస్తే నవంబర్‌లో అంత క్షేమం అని పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకు చెప్పిపెడతారు. ఈ ప్రాంతంలో అన్ని జట్లలోనూ ఉన్నదే. నేను ఎవడికీ అలా రాయమని చెప్పలేదు. రాయవద్దని కూడా చెప్పలేదు. ఆ గంటసేపు తలుపు బయట నిలబడి కాఫీ తాగుతాను. లోపలినుంచి నవ్వులు వినిపిస్తాయి. ఈ ఆగస్టులో ఈలై బయటికి వస్తూ, “కోచ్, పుట్టినరోజు కూడా తప్పు కొట్టేవాణ్ణి, అది అడగలేదు” అన్నాడు. నేనూ నవ్వాను.

ఈ రోజు వాడు రాస్తుంటే లోపల నవ్వులేమీ వినిపించలేదు. ఒక్కడే కదా ఉన్నది.

హెక్టర్ వచ్చి, “ఆగస్టు మార్కులే వచ్చాయి కోచ్. అటూ ఇటూగా” అన్నాడు.

“అయితే బాగానే ఉన్నాడు.”

“కంప్యూటర్ అలాగే అంటోంది.”

“నువ్వేమంటావు?”

“నేను లెక్కల మాస్టర్ని. రెండు అంకెలు సమానమైతే సమానం అంటాను. అవి ఎలా వచ్చాయో నన్నెందుకు అడుగుతారు?”

మూతి ముడుచుకుని వెళ్ళిపోయాడు. వాడు నా జట్టులో ఆడిన రోజుల్లోనూ ఇంతే, ఏం చెప్పినా సగమే చెప్పేవాడు.

నవంబర్ 5, మంగళవారం

ఈలై బాగానే ఉన్నాడు. మధ్యాహ్నం మూడు ఎంచిలాడాలు తిన్నాడు. నేను లెక్కపెట్టాను.

నవంబర్ 6, బుధవారం

రాత్రి భోజనంలో కూర సరిగా తినలేదని మా ఆవిడ నోరీన్ దెప్పింది. “గెలిచిన వారం కూడా ఓడిపోయినవాడిలా తింటావేంటి? ఓడిపోతే ఇంకేం తింటావు, గడ్డా?” అంది. నిజానికి నోటికి ఏదీ సయించడం లేదు.

ముప్పై ఏళ్ళు చేశాను ఈ ఉద్యోగం. అయిదు రాష్ట్ర కప్పులు తెచ్చాను. ఆ అయిదు సంవత్సరాలూ ఊరి నీళ్ళ ట్యాంకు మీద రాసి ఉన్నాయి. పదకొండుమందిని పోగెయ్యలేని ఊళ్ళు ఆడుకునే ఆరుగురి ఫుట్‌బాల్‌లో మా డ్రై ఫోర్క్ పేరు చెబితే ఇంకా కొందరు కోచ్‌లు బెల్టు సర్దుకుంటారు. నా గొప్ప చెప్పుకుంటున్నానంటే భయపడుతున్నానన్నమాట. నోరీన్ అయితే ఇట్టే పట్టేసేది.

ఈసారి ఏడుగురితో మొదలుపెట్టాం. అక్టోబర్‌లో రూబెన్‌కు భుజం ఎముక విరిగింది. ఉన్నది ఆరుగురు. మైదానంలో ఆరుగురు నిలబడితేనే ఆట మొదలవుతుంది. మొదలయ్యాక ఎవడైనా పడిపోతే అయిదుగురితో లాగించవచ్చు. మొదట్లోనే అయిదుగురైతే ఆట లేదు, అవతలివాళ్ళు గెలిచినట్టు రాసేసి రిఫరీలు ఇంటికి పోతారు.

వచ్చే ఏడాదికి జట్టే ఉండదు. ఎనిమిదో తరగతిలో మగపిల్లలు ఇద్దరు, అందులో ఒకడు బాకా ఊదుతాడు. కాబట్టి వీళ్ళే నా ఆఖరి పిల్లలు. ఓడిపోతే తట్టుకుంటాను. ఆడకుండానే వెనక్కి రావడం మాత్రం నా వల్ల కాదు.

నవంబర్ 8, శుక్రవారం

గెలిచాం. 56–6. నలభై అయిదు పాయింట్ల తేడా దాటింది కనుక నియమం ప్రకారం సగంలోనే ఆపేశారు. ఆపేయడం ఇంత హాయిగా నాకెప్పుడూ అనిపించలేదు.

ఈలైని రెండుసార్లు పడగొట్టారు. రెండుసార్లూ లేచాడు. ఒకసారి బంతిని నేరుగా అవతలివాడి చేతుల్లోకి విసిరాడు. గాలి బాగా వీస్తోంది.

నవంబర్ 9, శనివారం

పిల్లలకు సెలవిచ్చాను. వీడియో చూడలేదు. చిత్తుగా గెలిచిన ఆటలో చూసి నేర్చుకునేదేముంది.

నవంబర్ 12, మంగళవారం

పొద్దున స్కూలు సూపరింటెండెంట్ పికెట్ నా గదికి వచ్చాడు. చేతిలో రంగుల కార్డు. నీళ్ళ ట్యాంకు మీద ఆరో సంవత్సరానికి చోటు చూసి పెట్టారట, అక్షరాలు ఎరుపా నీలమా అని అడుగుతాడు.

“ఇంకా మొదటి నాకౌటే ఆడలేదు పికెట్.”

“ఆడతారుగా శనివారం. ఆ జట్టు మీద మనవాళ్ళు ఎప్పుడు ఓడారు? నీ మొహం చూస్తే మాత్రం అప్పుడే ఓడిపోయినట్టుంది. కాస్త నవ్వవయ్యా, జనం చూస్తున్నారు.”

నీలం అన్నాను, పోతాడని.

తరువాతి గంట చరిత్ర క్లాసు. ఆ క్లాసులో నేను పాఠం చెప్పడం తక్కువ, ఈలై నన్ను సరిదిద్దడం ఎక్కువ. సెప్టెంబర్‌లో ఒక యుద్ధం తేదీ తప్పు చెబితే, “అదేంటి కోచ్, మీరూ ఉన్నారుగా ఆ యుద్ధంలో, అంతలోనే మర్చిపోయారా?” అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. తొంభై ఎనిమిది కంటే తక్కువ వస్తే అలిగే పిల్లాడు.

ఈ రోజు కావాలనే ఒక తేదీ తప్పు చెప్పాను. ఎవరూ మాట్లాడలేదు. వాడు బల్ల మీద తల పెట్టుకుని కిటికీ వైపు చూస్తున్నాడు. మళ్ళీ చెప్పాను, ఇంకా పెద్ద తప్పు. ముందు వరసలో అమ్మాయి ఒకతి చెయ్యెత్తింది. వాడు ఎత్తలేదు.

సాయంత్రం ప్రాక్టీసులో బాగానే ఉన్నాడు.

బాగానే ఉన్నాడు.

నవంబర్ 13, బుధవారం

వాణ్ణి నేనింతవరకు సూటిగా ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. “ఎలా ఉన్నావురా?” అంటాను. “సూపర్ కోచ్” అంటాడు. అది ప్రశ్నా కాదు, ఇది జవాబూ కాదు. నిజంగా అడిగితే నిజంగా జవాబు వస్తుంది. అది వచ్చాక చేతులు కట్టుకుని కూర్చోవడం కుదరదు.

నవంబర్ 14, గురువారం

నోరీన్ కిరాణా కొట్టు దగ్గర ఈలైని చూసిందట. తన బండి దగ్గర తాళంచెవుల గుత్తి పట్టుకుని, ఏది దేనిదో తెలియనట్టు చాలాసేపు నిలబడ్డాడట.

“కుర్రాళ్ళు పరధ్యానంగా ఉంటారు,” అన్నాను.

“రాయిస్, ఆ మాట నా మొహం చూసి చెప్పు.”

నేను గిన్నెలు కడగడం మొదలుపెట్టాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అడక్కుండా గిన్నెలు కడిగింది అదే మొదలేమో, నోరీన్ నవ్వలేదు కూడా.

“డార్లాకు చెప్పావా?” అంది.

“ఏం చెప్పను? పరీక్షలో తేడా లేదు.”

“ఆ పరీక్ష సంగతి ఊరందరికీ తెలుసు, తెలియంది వాళ్ళ అమ్మలకే. వాణ్ణి ఆపెయ్.”

“ఆపితే ఆట లేదు.”

“నాకు అర్థమైంది. నీకు అర్థమైందా అని అడుగుతున్నా.”

బయటికి వచ్చి కూర్చున్నాను. పత్తి లారీ ఒకటి వెళ్ళింది. రోడ్డు పక్క గడ్డంతా తెల్లగా దూది. నోరీన్ మాట నిజం. ఆ మాట నాకు నచ్చలేదు, అయినా నిజం.

నవంబర్ 15, శుక్రవారం

దారి దొరికింది. ఇంతకుముందు ఎందుకు తట్టలేదో.

ఆరుగురు నిలబడాల్సింది ఆట మొదలుకావడానికే. టాస్ మనం గెలిచినా ఓడినా మొదటి బంతి మనమే తన్నేట్టు చూస్తాను. ఈలైని ఒక చివర, గీత పక్కనే నిలబెడతాను. బంతి లేవగానే వాడు రెండడుగులు వేసి గీత దాటి నా దగ్గరికి వచ్చేస్తాడు. ఆ చివరకు ఎవడూ రాడు, వాణ్ణి ఎవడూ తాకడు. ఆట మొదలైనట్టే. ఆ తరువాత అయిదుగురితో ఆడతాం. ఓడిపోతామేమో, పోనీ. ఓడిపోవడం నాకు చేతనవును. సోమవారం డార్లాతో మాట్లాడి డాక్టరుకు చూపిస్తాం.

హెక్టర్‌కు చెప్పాను. “వాడికి గుర్తుంటుందా కోచ్?” అన్నాడు.

“రెండడుగులు వేసి బయటికి రావడం గుర్తుండదా?”

ఈ రోజు కడుపునిండా తిన్నాను.

నవంబర్ 17, ఆదివారం

లబ్బక్. ఆసుపత్రి కింద అంతస్తులో కాఫీ మిషను పక్కన కూర్చుని రాస్తున్నాను. డార్లా పైన ఉంది. నన్ను పైకి రావద్దంది. ఆ మాట కూడా తను కాదు, నర్సు వచ్చి చెప్పింది.

నిన్నటిది వరసగా రాస్తాను. రాయకపోతే ఇంకో నాలుగు రోజులకు నేనే దాన్ని మార్చి చెప్పుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

ఆట మధ్యాహ్నం. మాకూ వాళ్ళకూ సమాన దూరంలో ఉన్న ఊళ్ళో. ఎండ బాగా కాస్తోంది, చలిగాలి వీస్తోంది. డ్రై ఫోర్క్‌లో కొట్లన్నీ మూసేసి జనం అంతా వచ్చారు. పికెట్ నీలం టోపీ పెట్టుకున్నాడు.

హెల్మెట్లు పెట్టుకునే ముందు ఈలైని పక్కకు పిలిచాను. భుజాల మీద చేతులు వేసి చెప్పాను. “బంతి లేవగానే బయటికి. నా దగ్గరికి. పరిగెత్తకు, ఎవడి మీదికీ పోకు. సరేనా?”

“సరే కోచ్.”

“ఏం చెయ్యాలి, చెప్పు.”

“బయటికి వచ్చెయ్యాలి.”

మూడుసార్లు చెప్పించాను. మూడుసార్లూ సరిగ్గానే చెప్పాడు. ఎందుకు ఆడనివ్వడం లేదని అడగలేదు. ఈలై అడగకపోవడమా? ఆడనివ్వకపోతే నా బుర్ర తినేసే పిల్లాడు. అది నాకు అక్కడే తట్టాలి. తట్టింది. పక్కకు నెట్టాను.

అందరూ గుండ్రంగా నిలబడ్డారు. రూబెన్ చేతికి కట్టుతో వాడి పక్కనే ఉన్నాడు, దాదాపు భుజం ఆనుకుని. ఈలై చుట్టూ చూసి, “రూబెన్ ఏడిరా? ఇంకా రాలేదా?” అన్నాడు.

పిల్లలు నవ్వారు. రూబెన్ కూడా నవ్వి, “కట్టు కట్టుకుంటే నేను కనబడట్లేదా బాసూ?” అన్నాడు. ఈలై కూడా నవ్వాడు, అందరూ నవ్వుతున్నారని.

హెక్టర్ నవ్వలేదు. నా వైపు చూశాడు. అప్పటికీ సమయం ఉంది. రిఫరీ పది గజాల దూరంలో ఉన్నాడు. “మాకు అయిదుగురే” అంటే అయిపోయేది. నేను చూపు తిప్పుకుని స్కోరుబోర్డు చూశాను. ఒక్క బంతి, రెండడుగులు అనుకున్నాను.

బంతి లేచింది. ఈలై గీత వైపు తిరగలేదు.

పరిగెత్తాడు. ఆరేళ్ళ వయసు నుంచి బంతి లేవగానే ఏం చెయ్యాలని నేర్చుకున్నాడో అదే చేశాడు. వాడు అంత వేగంగా పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. నేను గీత దాటి వాడి వెనకాల అరుస్తూ పరిగెత్తాను. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. మా జనం నేను ఉత్సాహంతో పరిగెత్తుతున్నాననుకుని చప్పట్లు కొట్టారు. బంతి పట్టినవాడు మైదానం మధ్యలోకి వచ్చాడు. ఈలై తల వంచి నేరుగా వాణ్ణి ఢీకొన్నాడు.

అవతలి కుర్రాడు లేచాడు. ఈలై లేవలేదు.

అంబులెన్సు వెళ్ళాక పికెట్ వచ్చి, “అయిదుగురితో ఆడొచ్చు కదా, నియమం ఒప్పుకుంటుందిగా” అన్నాడు. మా పిల్లలు అయిదుగురూ హెల్మెట్లు తీసి గడ్డి మీద కూర్చున్నారు. ఎవడూ చెప్పలేదు వాళ్ళకు. రిఫరీ వెళ్ళి పిలిచినా లేవలేదు.

నేను డార్లాతోపాటు ఆసుపత్రికి వచ్చాను. దారిలో తను నా చెయ్యి పట్టుకునే ఉంది.

అదే రోజు సాయంత్రం

ఇందాక రాసింది సగమే. డార్లా నన్ను పైకి ఎందుకు రావద్దందో రాయలేదు.

పొద్దున ఈలైకి బాగా తెలివి వచ్చింది. తలలో నెత్తురు చేరలేదని చెప్పారు. అమ్మను గుర్తుపట్టాడు. నన్ను “కోచ్” అన్నాడు. ఆ ఒక్క మాటకు నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

తరువాత డాక్టరు ఆగస్టు మార్కులు అడిగింది. చిన్న వయసు ఆవిడే. పికెట్ ఫోనుకు పంపాడు. ఆవిడ ఈలై చేత అలాంటి పరీక్షే ఇంకొకటి చేయించింది. మధ్యలో రెండుసార్లు ఆగి కళ్ళు మూసుకున్నాడు. అయ్యాక ఆవిడ మమ్మల్ని వరండాలోకి పిలిచింది.

“ఒక మంచి మాట. మార్కులు ఆగస్టులో వచ్చినవాటికి దగ్గరగానే ఉన్నాయి. కొంచెమే తగ్గాయి. వాడికి మొదటినుంచీ చదువులో, జ్ఞాపకంలో కాస్త ఇబ్బంది ఉన్నట్టుంది. అది మినహాయిస్తే పెద్ద నష్టం కనబడటం లేదు.”

డార్లా గోడకు ఆనుకుని ఏడ్చింది, సంతోషంతో. “చూశారా కోచ్? నే చెప్పలా, మావాడిది గట్టి బుర్రని?” అంది. ఇబ్బంది అన్న మాట తనకు వినబడలేదు.

నేను అలాగే ఉండిపోయి ఉంటే సరిపోయేది. డాక్టరు నమ్మింది, తల్లి నమ్మింది, కాయితం మీద అంకె ఉంది. పదిహేను రోజులుగా నేను కోరుకున్నది అదే కదా, ఎవరో చదువుకున్నవాళ్ళు వచ్చి వాడు బాగానే ఉన్నాడని చెప్పడం. చెప్పారు.

“ఆ మార్కులు నిజం కావు,” అన్నాను.

“ఏవి?” అంది డాక్టరు.

“ఆగస్టువి. కావాలని తప్పులు రాస్తారు పిల్లలు. దెబ్బ తగిలినా ఆడొచ్చని.”

“ఎలా తెలుసు మీకు?”

“తెలుసు.”

డార్లా కళ్ళు తుడుచుకోవడం ఆపింది. “ఎప్పట్నించి తెలుసు?”

“మొదట్నించీ.”

“దెబ్బ ఎప్పుడు తగిలింది? నిన్న కాదా?”

“రెండు వారాలయింది.”

తను అరవలేదు. అరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది. “లైట్లు ఆర్పేస్తున్నాడని నేను మీకు చెప్పాను కోచ్,” అంది. “చర్చి మెట్ల మీద నిలబడి చెప్పాను. నవ్వుతూ చెప్పాను.” ఆ నవ్వడం తలుచుకునే ఎక్కువ బాధపడుతున్నట్టు మళ్ళీ అదే అంది. నా నుంచి రెండు కుర్చీలు అవతలికి వెళ్ళి కూర్చుంది.

డాక్టరు ఆ కాయితం మడిచి జేబులో పెట్టుకుంది. “అయితే వాడు ఎంత పోగొట్టుకున్నాడో చూసుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. ముందు ఎలా ఉండేవాడో మీరే చెప్పండి.”

చెప్పాను. నేను ఏ పుస్తకం తెరిచినా తరువాతి పేజీలో ఏముందో చెప్పేవాడని చెప్పాను. జట్టులో అందరి ఫోను నంబర్లూ వాడికి నోటికి వచ్చని, నా నంబరు నేనే మర్చిపోతే వాణ్ణి అడిగేవాణ్ణని చెప్పాను. ఒకసారి బస్సులో ఇంటికి వస్తూ ఆ రోజు ఆడిన ప్రతి ఎత్తూ మొదటినుంచి చివరిదాకా వరసగా చెప్పాడు, ఎవడు ఎక్కడ నిలబడ్డాడో, ఎవడు జారిపడ్డాడో. హెక్టర్ వీడియోతో సరిచూస్తే ఒక్కటీ తప్పు లేదు. డాక్టరు రాసుకుంటోంది. డార్లా అటు తిరిగి వింటోంది. కొన్ని సంగతులు తనకే తెలియవనుకుంటాను. ఇంట్లో వాడు అవేం చెప్పుకుంటాడు?

నాకు గుర్తున్నంతా చెప్పాను. ఆగిపోతే ఆవిడ ఇంకా చెప్పమంది.

నవంబర్ 19, మంగళవారం

పికెట్‌కు రాజీనామా ఇచ్చాను. “తొందరపడకు, ఆ మార్కుల మాట ఇక ఎక్కడా ఎత్తకుండా ఉంటే సర్దుకుంటుంది” అన్నాడు. ఎత్తుతానన్నాను. చుట్టుపక్కల జట్ల కోచ్‌లందరికీ ఫోను చేస్తున్నాను. కొందరు మాట్లాడారు. ఎక్కువమంది మాట మార్చి జింకల వేట గురించి అడిగారు.

నవంబర్ 22, శుక్రవారం

సాయంత్రం ఏం చెయ్యాలో తోచలేదు. నోరీన్ పేకముక్కలు తెచ్చింది. రెండు ఆటలు ఓడిపోయాను.

నవంబర్ 24, ఆదివారం

ఈలై ఇంటికి వచ్చాడట. వెళ్ళాను. డార్లా తలుపు తీసి, మళ్ళీ వేసింది.

నవంబర్ 28, గురువారం

కృతజ్ఞతల పండగ. నోరీన్ చేసిన పీకన్ పప్పుల పిండివంట ఒకటి వాళ్ళ మెట్ల మీద పెట్టి వచ్చాను. తలుపు కొట్టలేదు.

డిసెంబర్ 7, శనివారం

ఈ రోజు డార్లా తలుపు తీసింది. వెనక గదివైపు చెయ్యి చూపించి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఈలై కర్టెన్లు వేసిన గదిలో నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి లేవబోయాడు, కూర్చోమన్నాను.

“ఎలా ఉన్నావురా?” అన్నాను. అని, ఆగి, మళ్ళీ అడిగాను. “నిజంగా అడుగుతున్నాను. ఎలా ఉంది?”

వాడు చాలాసేపు ఆలోచించాడు. ఇదివరకు వాడికి జవాబు కోసం ఆలోచించే అలవాటు లేదు.

“నిన్న లబ్బక్ వెళ్ళాం కోచ్. మళ్ళీ ఆ పరీక్ష పెట్టారు. మాటలు చూపించి, తర్వాత అడుగుతారు కదా, అది.”

“ఎలా రాశావు?”

“ఆగస్టులో ఎన్ని వచ్చాయో అన్నే వచ్చాయంట.” కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. వాటినే చూస్తూ, మెల్లగా, నాకు ఎలాగైనా నమ్మకం కలిగించాలన్నట్టు అన్నాడు.

“ఈసారి కావాలని తప్పులు రాయలేదు కోచ్.”